కేకును బతకనివ్వని పిన్ని

మా పిన్నికి కేకు నిండుగా కనబడకూడదు. కనబడిందా, దాని పని అయిపోయినట్టే. పక్కింటివాళ్లు పంపినా, కొట్లో కొన్నా సరే, రెండు చేతులూ పెట్టి పొడిపొడి చేసేస్తుంది. ఆ పొడిలో కాస్త క్రీము కలిపి, నోట్లో పట్టేంత ఉండలు చుట్టి, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, పుల్ల గుచ్చి, కరిగించిన చాక్లెట్‌లో ముంచి తీస్తుంది. అప్పుడు గాని ఆవిడ మనసు కుదుటపడదు.

ఒకసారి పుట్టినరోజున బాబాయి కొవ్వొత్తి ఊదడానికి వంగి, నోరు సున్నాలా చుట్టేసరికి ఎదురుగా కేకు లేదు. కొవ్వొత్తి పిన్ని చేతిలో ఉంది.

"తొందరగా ఊదండి, చేతి మీద మైనం పడుతోంది!"

"లోకంలో అందరూ కేకు కోసుకుంటారే!"

"కోస్తే ఒకరికి పెద్ద ముక్క, ఒకరికి చిన్న ముక్క. ఉండలైతే తగువుండదు."

"తగువుండదు సరే, నాకు కేకుండదే!"

బాబాయి ఇంకా ఏదో అనబోయాడు. పిన్ని ఒక ఉండ తీసి ఆయన నోట్లో కుక్కింది. ఆ ఇంట్లో వాదనలన్నీ ఇలాగే ముగుస్తాయి. అందుకే తెలిసినవాళ్లు ఆ ఇంటికి పళ్లు మాత్రమే తీసుకెళ్తారు, అవైతే ప్రాణాలతో ఉంటాయని.

ఇలా ఉండగా పిన్ని కొడుక్కి, అంటే మా తమ్ముడికి, పెళ్లయింది. మరదలి నాన్న పెద్ద బేకరీలో మాస్టరు. వాసన చూసి కేకు ఎంతసేపు కాలిందో చెప్పేస్తారు. మంచివారే గాని నోరు కాస్త గరుకు. "నీ చేతికి కేకు లేవదే" అని కూతుర్ని చిన్నప్పట్నుంచీ ఓవెన్ ఛాయలకే రానివ్వలేదు. ఆ మాట ఆ పిల్ల మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే తండ్రి మొదటిసారి పిన్నివాళ్లింటికి వస్తున్నారనగానే, "నువ్వేమీ తేవద్దు నాన్నా, కేకు నేనే చేస్తున్నా" అని ఫోనులో గొప్పగా చెప్పేసింది.

ఆ రోజు నేనక్కడే ఉన్నాను. మరదలు ఆత్రం ఆపుకోలేక మధ్యలో ఓవెన్ తలుపు తీసింది, మూసింది, మళ్లీ తీసింది. తీరా బయటికి వచ్చేసరికి కేకు నడుమ గుంటపడి, మనిషి కూర్చుని లేచిన దిండులా ఉంది. ఆ పిల్ల కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

"నాన్న అన్నంత పనీ అయింది అత్తయ్యా. ఇక జన్మంతా దెప్పుతారు."

"ఏదీ?" అంటూ పిన్ని వచ్చింది. చూసింది. చేతులు పెట్టింది. క్షణంలో గుంటా లేదు, గట్టూ లేదు.

"నా సంగతి తెలిసిందేగా అమ్మా, చేతులు ఊరుకోవు" అంది, ఏమీ ఎరగనట్టు.

కానీ కేకు సరిగా ఉడకలేదేమో, పొడి తడితడిగా చేతికి అంటుకుపోతోంది, ఉండ కట్టడం లేదు. సరిగ్గా అప్పుడే మాస్టరుగారు దిగారు, వద్దన్నా వినకుండా తను చేసిన కేకుతో. జానెడు ఎత్తు, పైన క్రీము గులాబీలు. పిన్ని చూపు తడి పొడి మీంచి గులాబీల మీదికి వెళ్లింది.

"పిన్నీ, వద్దు!" అన్నాను. అప్పటికే మోచేతుల దాకా దిగిపోయింది.

"చెల్లెమ్మా! పొద్దుట్నుంచీ కష్టపడి చేశానమ్మా!" అని మాస్టరుగారు కెవ్వుమన్నారు.

"వియ్యమందాక ఇంకా మీ కేకు, మా కేకు ఏమిటి అన్నయ్యగారూ!" అంటూ పిన్ని రెండూ కలిపేసింది.

బాబాయి ఆయన భుజం తట్టి, "అలవాటవుతుంది బావగారూ" అన్నాడు.

మాస్టరుగారు కాసేపు బిగుసుకు కూర్చున్నారు. కానీ పిన్ని ఉండలు వంకరటింకరగా చుడుతుంటే చూడలేక చొక్కా చేతులు మడిచారు. మరదలు చాక్లెట్‌లో ముంచుతుంటే పక్కన నిలబడి, "నెమ్మదిగా తిప్పమ్మా, ఎక్కువైంది గిన్నెలోకి కారనీ" అని చెప్పడం మొదలుపెట్టారు. ఆ పిల్లకి తండ్రి పని నేర్పడం అదే మొదలు.

నేను పిన్నిని పక్కకు లాగాను. "నిజం చెప్పు. చేతులు ఊరుకోకేనా ఇదంతా?"

"నా మొదటి కేకూ ఇలాగే కూలబడిందే. మా అత్తగారు దాన్ని వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చిన ప్రతి కేకూ పొడే అయిపోతే, ఇక ఎవరిది కూలిందో ఎవరికి తెలుస్తుంది?"

పిన్నిని గట్టిగా వాటేసుకోవాలనిపించింది. ఇన్నేళ్లూ పిచ్చిదని నవ్వుకున్నాం.

మొదటి ఉండ మాస్టరుగారికే ఇచ్చాం. కళ్లు మూసుకుని నమిలారు. సగంలో ఆగిపోయి, పిన్ని వైపు వంగి, "చెల్లెమ్మా, ఇందులో ఒక కేకుకి మధ్యలో ఓవెన్ తలుపు..." అంటుండగానే పిన్ని రెండో ఉండ కుక్కింది.

"ఏం నాన్నా? ఏమంటున్నావ్?" మరదలు పుల్ల పట్టుకుని దగ్గరికొచ్చింది.

మాస్టరుగారు కూతురి మొహం చూశారు. నోట్లోది మింగారు.

"ఏముందమ్మా, నా కేకు కాస్త ఎండిపోయింది. నీది కలిసింది కాబట్టే ఉండ నిలబడింది."

మరదలు పుల్ల కింద పెట్టకుండానే తండ్రిని చుట్టేసింది. ఆయన తెల్లచొక్కా నిండా చాక్లెట్.