జెనవీవ్ యాప్ ఎందుకు వద్దంది

జెనవీవ్ పావ్లాక్‌కి డెబ్భై మూడేళ్లు. ముప్ఫయ్యేళ్లు టలీడోలో బడి పిల్లలకి వంట చేసి పెట్టింది, ఒక్క పిల్ల చేత కూడా బాగుందని అనిపించుకోలేదు. ఆ మాట ఆమె మొహం మీద అని ఇంకా స్నేహంగా మిగిలినదాన్ని నేనొక్కదాన్నే. నా పేరు డోలరెస్. కార్ల ఫ్యాక్టరీలో అద్దాలు బిగించి రిటైరయ్యాను.

ప్రతి గురువారం మధ్యాహ్నం మేమిద్దరం చెరో కారూ వేసుకుని పది నిమిషాలు ఉత్తరానికి వెళ్తాం. మా ఒహాయో రాష్ట్రంలో ఫోన్లో కాసినో జూదం ఆడనివ్వరు. రాష్ట్రం గీత దాటి మిషిగన్‌లోకి వెళ్తే ఆడుకోవచ్చు. అవతల మొదటి పెట్రోలు బంకు వెనక ఖాళీ స్థలంలో ఎప్పుడూ ఏడెనిమిది కార్లుంటాయి, అన్నీ మా ఊరివే. అన్నిటి మూతులూ ఉత్తరానికే. అలా పెడితే మనం ఎక్కడున్నామో ఫోనుకి తొందరగా తెలుస్తుందట. ఎవడు చెప్పాడో తెలియదు గానీ, దక్షిణానికి తిప్పి పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

అందరం యాప్‌లో ఆడతాం. జెనవీవ్ మాత్రం బ్రౌజర్‌లో. సైటు పేరు కొట్టాలి, తన పేరు కొట్టాలి, ఆ పైన పాస్‌వర్డ్. అదేమో రైలంత పొడుగు. కీళ్లవాతం వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుంది, ఒకటి తప్పితే మళ్లీ మొదటికి. ఈలోపు నేను నాలుగాటలు ఓడిపోతాను. "గుర్తు పెట్టుకోమంటారా?" అని బ్రౌజర్ పాపం ప్రతిసారీ మర్యాదగా అడుగుతుంది, ఈమె ప్రతిసారీ వద్దంటుంది.

ఆ పాస్‌వర్డ్ నాకు ఎప్పుడో చెప్పేసింది. 'చెస్టర్ మంచులో రెండు గంటలు నిలబడ్డాడు.'

చెస్టర్ ఆమె మొగుడు. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి వెళ్లేవాడు. ఒక జనవరి సాయంత్రం అతన్ని ఇంటికి తీసుకురావాల్సిన ఈవిడ, ఊళ్లో కాసినోలో జూదం మిషను ముందు కూర్చుని టైము మరిచిపోయింది. డయాలిసిస్ సెంటర్ తలుపులు మూసేశారు, అతను బయట మంచులో నిలబడ్డాడు. దానివల్ల చచ్చిపోలేదు, ఆ మాట కూడా చెప్పాలి. మరో మూడేళ్లు బతికాడు, ఆ సంగతి ఒక్కసారి ఎత్తలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదంటుంది జెనవీవ్. అతను పోయాక మళ్లీ ఆట మీదికి మనసు లాగినప్పుడు ఆమె తనకి తనే ఈ షరతు పెట్టుకుంది. ఆడాలంటే ముందు ఆ మాట రాసి లోపలికెళ్లాలి. సగం గురువారాలు అది పూర్తి కాకుండానే ఫోను పక్కన పడేసి, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి తెచ్చిన గొవోంప్కీ డబ్బా తెరిచేది.

"పాపాలు ఒప్పుకోవడానికి ఫాదరున్నాడు కదే, పెట్రోలు బంకు వెనకాలే కుదిరిందా నీకు?" అని ఏడిపించేదాన్ని.

మార్చిలో ఒకరోజు పక్క కారులోంచి పెద్ద కేక. చూస్తే జెనవీవ్ కిటికీలోంచి చెయ్యి చాచి ఫోను ఆకాశానికి చూపిస్తోంది.

"చూడవే! చక్రం తిరుగుతుండగా బయటికి గెంటేసింది! నేను మిషిగన్‌లో లేనంట!"

"యాప్ వేసుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను ముసలిదానా? ఆ బ్రౌజర్‌కి మనం ఎక్కడున్నామో సరిగ్గా ఆనదు. ఇవ్వు ఇటు."

"మరి పాస్‌వర్డ్ ఎక్కడ కొట్టాలి?"

"ఎక్కడా అక్కర్లేదు. నీ మొహం చూసి తెరుచుకుంటుంది."

"నా మొహమా? పొద్దున్నే అద్దంలో నేనే గుర్తుపట్టలేను దాన్ని."

రెండు నిమిషాల్లో పని ముగించి చేతిలో పెట్టాను. ఫోను ఎత్తింది, తెరుచుకుంది. కాసేపు అలాగే చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే," అన్నాను, నేనేదో కనిపెట్టినట్టు.

తర్వాతి గురువారం నాకంటే ముందే వచ్చి ఉంది. ఆ పై వారం గొవోంప్కీ తేలేదు. నాకు కోపమొచ్చింది, కూర పోయిందనే తప్ప ఇంకేమీ తట్టలేదు.

ఈస్టరుకి ముందు శుక్రవారాలు మా చర్చి హాల్లో చేపలు వేయించి ఊరికి పెడతాం. చేపలకి పిండి పట్టించే పని జెనవీవ్‌ది, ఇన్నేళ్లలో ఒక్క శుక్రవారం తప్పలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడయినా రాలేదు, ఫోను ఎత్తలేదు. చివరికి ఫాదరే చొక్కా చేతులు మడిచి పిండిలో దిగాడు. ఆ చేపల గురించి నిజం చెబితే దైవదూషణ అవుతుంది.

నేను ఏప్రాన్‌తోనే కారెక్కాను. ఇంటివైపు వెళ్లలేదు, నేరుగా గీత దాటాను. బంకు వెనక ఆమె కారుంది. అద్దం మీద కొడితే ఉలిక్కిపడింది.

"జెనవీవ్, ఇవాళ చేపల శుక్రవారమే."

ఆమె గడియారం చూసుకుంది.

"పొద్దున చర్చిలో పూజ అయ్యాక ఐదు నిమిషాలు అనుకున్నానే."

"రోజూ వస్తున్నావా?"

తలూపింది.

"నాకొక్క మాట చెప్పొచ్చు కదే!"

"ఏమని చెప్పను? నన్ను చూస్తుంది, తెరుచుకుంటుంది. మధ్యలో చెస్టర్ లేడు."

నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు కార్లకి అద్దాలు బిగించి ఒక్కటీ పగలగొట్టలేదని గొప్పలు చెప్పుకునేదాన్ని. ఈ పిచ్చిది ఒంటరిగా కట్టుకున్న కంచెని రెండు నిమిషాల్లో పీకి, పైగా పొంగిపోయాను.

"ఆ యాప్ నువ్వే తీసెయ్, నాకు చూపించకు," అని ఫోను ఇచ్చి తల తిప్పుకుంది. తీసేశాను.

"ఇప్పుడు నీదీ తీసెయ్."

"నాదెందుకే? నేను గురువారం తప్ప ఇటు..."

"మొన్న ఆదివారం నీ కారు చూసే, నాది చెత్తడబ్బాల వెనకాల పెట్టుకున్నాను. సోమవారం కూడా."

ఎవరైనా ఒక్క మాటంటే పది తిప్పి కొట్టేదాన్ని. ఈసారి ఆమె కారు తలుపు తీశాను. పక్క సీట్లో కూర్చుని, ఆమె చూస్తుండగా నా యాప్ కూడా తీసేశాను. బ్రౌజర్‌లో సైటు తెరిచాను. పాత పాస్‌వర్డ్ మరిచిపోయానంటే కొత్తది పెట్టుకోమంది.

"నీ మాటేంటే?" అంది జెనవీవ్.

నాకలాంటివేమీ లేవు అనబోయాను. పోయిన శరదృతువులో మా చెల్లెలు ఐరీన్ ఆసుపత్రిలోంచి మూడుసార్లు ఫోన్ చేసింది. ఆటలో చక్రం తిరుగుతోంది. ఆమె పేరు తెర మీదికి వచ్చిన ప్రతిసారీ బొటనవేలితో పైకి తోసేశాను, తర్వాత మాట్లాడదామని. మర్నాడు పోయింది. ఇది ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. జెనవీవ్‌తో కూడా అనలేదు.

'ఐరీన్ మూడుసార్లు పిలిచింది' అని కొట్టడం మొదలుపెట్టాను. రెండుసార్లు తప్పు పోయింది.

"నిదానంగా కొట్టవే," అంది జెనవీవ్.