ఉరవకొండ బస్సులో మైసూర్‌పాక్

డిగ్రీ పాసైతిని! మా ఇంట్లో నేనే మొదటిదాన్ని. ఉరవకొండలో ఉండే అక్కకు చెప్పేకి కొత్తచెరువు నుంచి పోతా, బస్సులో అందరికీ మైసూర్‌పాక్ పంచినాను.

పక్క సీట్లో పెద్దాయన తింటా, "ఏం చదివినావు పాపా?" అన్నాడు. నేను గడగడా చెప్తాంటే మురిసిపోయినాడు.

"మా పిల్లోడు మిలిట్రీలో చేరినపుడు ఇట్లే పంచినాడు. కార్గిల్ యుద్ధంలో పోయినాడు," అన్నాడు.

నేను గమ్మున డబ్బా మూసి సంచిలో పెట్టేసినాను.

"నువ్వూ అంతేనా? ఊర్లో ఆగస్టు పదైదుకు పిల్చి శాలువా కప్పుతారు. ఎవురింట్లోనన్నా పెండ్లైతే ఆ కబురు మాత్రం నాకు ఎవురూ చెప్పరు, నేను బాధపడతానంట! నువ్వన్నా చెప్పు, నువ్వు పాసైతే మీ నాయన ఏమన్నాడు?"

నేను సంచి ఒళ్లోకి లాక్కొని కిటికీలోంచి బయటికి చూస్తా కూచున్నాను. అంతలో వాళ్ల ఊరొస్తే ఆయన దిగిపోయినాడు.

మా నాయన నన్ను సైకిలెక్కించుకొని వీధులన్నీ తిప్పినాడని ఆయనకు చెప్పనేలేదు.