అలక కుర్చీ

పొద్దున్నే ఎవరు కాఫీ ఇచ్చినా హేమశ్రీ ముందు వద్దంటుంది. ఇప్పుడే తాగానండీ అంటుంది. తాగి ఉండదు. గ్లాసు వెనక్కి వెళ్ళేలోపు ఇచ్చినవాళ్ళు "కొంచెమేనమ్మా, తాగు" అంటారు. అప్పుడు అందుకుని, అడుగున నురగ కూడా మిగలకుండా తాగుతుంది. ఇది ఆమె ఒక్కదాని అలవాటు కాదు. రావులపాలెంలో ఆమె పుట్టి పెరిగిన వీధిలో మొదటి మాటకే చెయ్యి చాపిన మనిషి లేడు.

ఈ అలవాటును వెంటబెట్టుకునే ఆమె ఈవెంట్ మేనేజ్‌మెంట్ చదవడానికి ఇంగ్లండు వెళ్ళింది. కాలేజీలో మొదటి రోజే ఎవరో టీ తాగుతారా అని అడిగారు. వద్దంది. సరేనని వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళు తిరిగొస్తారని హేమశ్రీ కాసేపు అక్కడే నిలబడి చూసింది. ఆ చలికాలమంతా ఆ దేశం ఆమెను మర్యాదగా టీ అడుగుతూనే ఉంది. ఆమె మర్యాదగా వద్దంటూనే ఉంది. వీడియో కాల్లో చూసి వాళ్ళమ్మ చిక్కిపోయావేంటే అంది. ఇక్కడి నీళ్ళు పడలేదని చెప్పింది హేమశ్రీ.

పాఠాలు చెప్పే డెనిస్ పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో రైలు తప్పిపోతుందన్నట్టు ఉండేవాడు. ఏ వేడుకకైనా ముందే ప్రమాదాలన్నీ ఊహించి, ప్రతిదానికీ ఉపాయం రాసుకోవాలనేవాడు. నిప్పు, వాన, తొక్కిసలాట, కరెంటు పోవడం ఒక్కొక్కటే బోర్డు మీద రాసేవాడు. మరి ఎవరైనా అలిగితే అని అడగాలనిపించేది హేమశ్రీకి. నలుగురిలో చెయ్యెత్తే ధైర్యం లేక ఊరుకునేది.

చివరి పరీక్ష కాగితం మీద కాదు. విద్యార్థి నిజంగా ఒక వేడుక జరిపించాలి. పరీక్షకుడు మొదటినుంచి చివరిదాకా అక్కడే ఉండి చూడాలి. ఆ ఇంటివాళ్ళ చేతి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ముడితే పరీక్ష రద్దు, ఆ ఏటికి డిగ్రీ లేనట్టే. అదే నెలలో హేమశ్రీ పెదనాన్న బుల్లియ్య కూతురు హారతికి ముహూర్తం పెట్టారు. డెనిస్ ఎలాగూ కాలేజీ ప్రచారానికి విశాఖపట్నం వస్తున్నాడు. హేమశ్రీ అక్క పెళ్ళినే పరీక్షగా రాసిచ్చింది. కాలేజీ ఒప్పుకుంది. అరటికాయల వ్యాపారం చేసే బుల్లియ్య ఊరంతా తిరిగి, మా అమ్మాయి పెళ్ళికి మార్కులేస్తారంట అని చెప్పుకున్నాడు.

హేమశ్రీ ముందుగా పంపిన ప్లానులో నాలుగో ప్రమాదం ఇది: శ్యాంబాబు గారి అలక. శ్యాంబాబు ఆమె మేనత్త భర్త, తణుకులో ఎరువుల కొట్టు ఉంది. ఆ ఇంటి అల్లుడిగా ఆయన అలగని పెళ్ళి లేదు. ఫోన్లో పిలిచారని ఒకసారి, తోడల్లుడి కారు వెనక తన కారు పెట్టించారని ఒకసారి, విస్తట్లో ఆవకాయ ఆలస్యమైందని ఒకసారి బయటికెళ్ళి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెద్దవాళ్ళు వెళ్ళి బతిమాలితే లేచి వచ్చి, అందరికంటే బాగా తింటాడు. ఉపాయంగా హేమశ్రీ రాసింది: నీడలో ఒక కుర్చీ, టేబుల్ ఫ్యాను, నిమ్మకాయ సోడా, ఇద్దరు పెద్దలు. డెనిస్ దాని పక్కన ఒక్క ముక్క రాసి పంపాడు. ఇది ఊహాజనితం, తీసెయ్యండి. ఆమె తీసేసింది. కల్యాణమండపం కుర్రాళ్ళకు మాత్రం శ్యాంబాబు ఎప్పటినుంచో తెలుసు. పెళ్ళిరోజు పొద్దున్నే బాదంచెట్టు కింద కుర్చీ, ఫ్యాను వాళ్ళంతట వాళ్ళే పెట్టేశారు.

విశాఖ నుంచి రైలు దిగి వచ్చిన డెనిస్‌కు మండపం ఆవరణలో మనుషులు లేని చోటు అదొక్కటే కనిపించింది. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

తాళి కట్టడం అనుకున్న వేళకే అయింది. వాన రాలేదు, కరెంటు పోలేదు. మెడలో కాలేజీవాళ్ళిచ్చిన పరీక్ష బిళ్ళ వేలాడేసుకుని తిరుగుతున్న హేమశ్రీకి ప్రాణం కుదుటపడింది. విస్తళ్ళు వేశారు. బుల్లియ్య కండువా సర్దుకుని బాదంచెట్టు దగ్గరికి వెళ్ళాడు.

"భోజనానికి లేవండి బాబూ."

డెనిస్ నవ్వి, రెండు చేతులూ అడ్డంగా ఊపి, "నో, థాంక్యూ. ఐయాం ఫైన్" అన్నాడు.

ఈ మాటను అదే కుర్చీలోంచి తెలుగులో చాలాసార్లు విన్నవాడు బుల్లియ్య. ముఖం పాలిపోయి హేమశ్రీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, దొరగారు అలిగారు."

"అలగలేదు పెదనాన్నా. ఆయన తినకూడదు. అది రూలు."

"అందరూ ఏదో ఒక రూలుతోనే మొదలుపెడతారమ్మా. మీ మావయ్య భీమవరం పెళ్ళిలో షుగరన్నాడు. తర్వాత ఎన్ని బూరెలు తిన్నాడో నువ్వే చూశావు."

పెద్దలు చేరారు. కారణం ఏమై ఉంటుందన్న చర్చ మొదలైంది. స్టేషనుకి కారు పంపారు గానీ మనిషిని పంపలేదని ఒకరన్నారు. శుభలేఖ మీద ఆయన పేరు రాసి ఇవ్వలేదు కదా అని ఇంకొకరు గుర్తుచేశారు. బొట్టు పెట్టి పిలవని చోట ఎవరు మాత్రం తింటారని హేమశ్రీ మామ్మ సుబ్బాయమ్మ తేల్చేసింది. వెంటనే శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాసి, పేరు రాసి, ఆయన చేతిలో పెట్టారు. మామ్మ వెళ్ళి ఆయన నుదుట బొట్టు పెట్టింది. పట్టు కండువా వచ్చింది. మజ్జిగ వచ్చింది, కొబ్బరిబోండం వచ్చింది. ఒక్కొక్కటి వచ్చినకొద్దీ డెనిస్ కుర్చీలో మరింత నిటారుగా అయ్యాడు. చివరికి చేతులు రెండూ కట్టేసుకున్నాడు.

"గట్టి అలక" అన్నాడు బుల్లియ్య.

అతిథి తినకుండా ఆడపెళ్ళివారు కూర్చోరు. ఆడపెళ్ళివారు కూర్చోలేదని తెలిసి మగపెళ్ళివారూ లేచి నిలబడ్డారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళు కూడా లేచారు. పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు విస్తళ్ళలో చల్లారుతుంటే ప్రతి కుర్చీ వెనకా ఒక మనిషి కుర్చీని పట్టుకుని నిలబడి ఉన్నాడు. వడ్డించేవాళ్ళు సాంబారు బకెట్లు కింద పెట్టేశారు.

సరిగ్గా అప్పుడు శ్యాంబాబు బయటికి వచ్చాడు. ఫోటోలో తనను రెండో వరసలో నిలబెట్టారు. అలగడానికి వచ్చాడు. బాదంచెట్టు వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

"ఎవరే ఆయన?" అన్నాడు హేమశ్రీతో.

"మా సారు మావయ్యా. పరీక్షకి వచ్చారు."

"నా కుర్చీలో కూర్చునా పరీక్ష?"

హేమశ్రీ పరిగెత్తి ఇంకో కుర్చీ తెచ్చింది. ఆయన దానివంక చూశాడు, ఎండవంక చూశాడు.

"దీని మీద కూర్చుంటే నేనలిగానని ఎవరికి తెలుస్తుంది? ఉన్న నలుగురు పెద్దలూ అక్కడే ఉన్నారు. ఒక పెళ్ళిలో రెండు అలకలు ఎవరు చూసుకుంటారే? అంత దూరమెళ్ళి చదివొచ్చింది ఇదా?"

శ్యాంబాబు నడుం మీద చేతులు పెట్టుకుని డెనిస్‌ని కాసేపు పరిశీలనగా చూశాడు.

"కండువా ముట్టుకోలేదా?"

"లేదు."

"మజ్జిగ?"

"వద్దన్నారు."

"చేతులు కట్టుకోవడం చూడు. కొత్తవాళ్ళ వల్ల అయ్యే పని కాదు" అన్నాడు. ఆ గొంతులో కోపం తగ్గి కొంచెం గౌరవం చేరింది. తర్వాత ఎవరూ ఊహించని పని చేశాడు. డెనిస్ దగ్గరికి వెళ్ళి పక్కన గొంతుక్కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేశాడు. "సార్. మీ, ఆల్సో" అన్నాడు, నేనూ ఇంతేనని తనకొచ్చిన ఇంగ్లీషులో. జీవితంలో ఆయన ఒకరిని బతిమాలడం అదే మొదలు.

డెనిస్ కళ్ళతోనే హేమశ్రీని పిలిచాడు.

"భోజనాలు ఎందుకు ఆగిపోయాయి? మీ ప్లానులో ఇది లేదే."

"నాలుగో ప్రమాదం సార్. మీరు తీసెయ్యమన్నారు."

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తాను కూర్చున్న కుర్చీ వైపు, ఫ్యాను వైపు, చుట్టూ చేతులు జోడించి నిలబడ్డ మనుషుల వైపు చూశాడు. నుదుటి మీద బొట్టు తడుముకున్నాడు.

"నేను తింటే మీ పరీక్ష పోతుంది."

"తినకపోతే అక్క పెళ్ళి పోతుంది సార్."

"పెళ్ళి అయిపోయింది కదా. నేను చూశాను."

"అయింది తాళి కట్టడమే సార్."

డెనిస్ నిబంధనల పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పాడు. అందులో నిప్పుకు దారి ఉంది, వానకు దారి ఉంది. ఇటువైపు సుబ్బాయమ్మ మెట్టు మీద కూలబడి పైటకొంగుతో విసురుకుంటోంది. పెళ్ళివారు తినేదాకా తినకూడదని ఆవిడ పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. లోపల హారతి పసుపు బట్టల్లో, చల్లారిన విస్తరి ముందు నిలబడి, చెల్లెలు ఏం చేస్తుందా అని గుమ్మంవైపే చూస్తోంది.

హేమశ్రీ మెడలోని బిళ్ళ తీసేసింది. చలికాలమంతా టీ లేకుండా చదివిన చదువు ఆ బిళ్ళలో ఉంది. దాన్ని డెనిస్ చేతిలో పెట్టింది. ఇంతమందిలో ఆమె ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు.

"నేను పరీక్ష నుంచి తప్పుకుంటున్నాను సార్. ఇప్పుడు మీరు పరీక్షకులు కారు. మా అక్క పెళ్ళికి వచ్చిన చుట్టం. భోజనానికి రండి."

డెనిస్ అలవాటు కొద్దీ, "నో, థాంక్యూ" అన్నాడు.

ఇంగ్లండులో అయితే మాట అక్కడితో అయిపోయేది. హేమశ్రీ కదల్లేదు.

"కొంచెమే సార్" అంది. "రండి."

ఆయన లేచాడు. తునిలో కిటికీలోంచి కొన్న బిస్కెట్ ప్యాకెట్ తప్ప ఆయన కడుపులోనూ ఏమీ లేదు. ఆయన లేవగానే హాల్లో కుర్చీలన్నీ ఒక్కసారి నేలకు రాసుకున్న చప్పుడైంది. బుల్లియ్య ఆయన్ని తన ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. డెనిస్ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టిన ప్రతిసారీ, బూరె చేతిమీదే పెట్టి, చిదిమి, నెయ్యి పోశారు. పక్కనే కూర్చున్న శ్యాంబాబు, ఏది ఎందులో కలుపుకోవాలో వేలితో చూపించాడు. చెయ్యి కడుక్కుంటూ హేమశ్రీతో అన్నాడు.

"ఈసారికి నా అలక పోయింది. నీ పెళ్ళికి దాచుకుంటున్నాను. నీడ చూసి పెట్టించు."

అభ్యర్థి మధ్యలో తప్పుకున్నందువల్ల మార్కులు వేయలేదని డెనిస్ రాసిచ్చాడు. అబద్ధం రాయలేనన్నాడు. మామ్మ ఆయనకు పూతరేకుల డబ్బా ఇచ్చింది. వద్దని, మళ్ళీ ఆయనే ఆగి, ఆవిడ రెండోసారి అనేదాకా చూసి, తీసుకున్నాడు.

ఆ ఏడు హేమశ్రీకి డిగ్రీ రాలేదు. తర్వాతి ఏడు మళ్ళీ పరీక్ష ఇంగ్లండులోనే, ఆఫీసు కుర్చీలు తయారుచేసే ఒక కంపెనీ ప్రదర్శనతో జరిగింది. హాలునిండా కుర్చీలే. వచ్చినవాళ్ళు అన్నిట్లోనూ కూర్చుని చూశారు, ఒక్కరూ అలగలేదు. చెప్పిన వేళకు వచ్చారు, చెప్పిన వేళకు పోయారు. మిగిలిన శాండ్‌విచ్‌లు ఎవరూ ఎవరినీ తినమనలేదు. అంత నీరసమైన ఫంక్షన్ తాను చూడలేదని ఆమె ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. మంచి మార్కులు వచ్చాయి. సంతకాలయ్యాక డెనిస్ కప్పుతో వచ్చి టీ తాగుతారా అని అడిగాడు. వద్దండీ అంది. ఆయన వెళ్ళి, గుమ్మం దాకా నడిచి, వెనక్కి వచ్చాడు.

ఇప్పుడు హేమశ్రీ ధవళేశ్వరంలో అద్దెకుంటూ, రాజమండ్రిలో ఒక కల్యాణమండపానికి మేనేజరుగా పనిచేస్తోంది. ఏ పెళ్ళి జరిగినా ఆవరణలో నీడపట్టున ఒక కుర్చీ, ఒక టేబుల్ ఫ్యాను పెట్టిస్తుంది. వాటికి అద్దె తీసుకోదు.