టెంటు దాకా నడక

మా డిపార్ట్‌మెంట్‌లో నాకంటే ముందు నుంచీ కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్న ఆయన్ని నేను అన్నా అనే పిలిచేవాణ్ని. క్లాసు అయిపోగానే పిల్లలకి ఆయనే "థాంక్స్‌రా, అందరొచ్చిన్రు" అనేవాడు. చెప్పాల్సింది వాళ్లు కదా అని నాకు చిరాకు.

మమ్మల్ని పర్మినెంట్ చేయమని యూనియన్ క్యాంపస్‌లో రిలే నిరాహార దీక్ష పెట్టింది. ఆయనకు షుగర్. పస్తులుండొద్దని డాక్టర్ గట్టిగానే చెప్పాడు. అయినా రోజూ తార్నాక నుంచి నడిచి వచ్చేవాడు. మేం దండలు వేసుకుని కూర్చుంటే, ఆయన టెంటు వెనక్కి పోయి, మాకు కనబడకుండా జొన్నరొట్టె తినేవాడు. మధ్యాహ్నం పిల్లలు పుస్తకాలు పట్టుకుని టెంటుకే వచ్చేవాళ్లు. అక్కడే పాఠం, అక్కడే థాంక్స్.

చివరికి అధికారులు వచ్చి, ఒట్టి హామీ ఇచ్చి నిమ్మరసం తాగించారు. టెంటు విప్పేశాక ఇద్దరం కాళ్లీడ్చుకుంటూ తార్నాక వైపు నడిచాం.

"ఏం సాధించినమన్నా?" అన్నాను.

"నా షుగర్ తగ్గింది. రోజూ నడిపిచ్చిన్రు గదా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చౌరస్తాలో విడిపోయేటప్పుడు నా భుజమ్మీద చెయ్యేసి, మెల్లగా అన్నాడు.

"థాంక్స్‌రా, రోజూ వచ్చినవ్."