అక్క కార్డు మీది పుస్తకం

నా చిన్నప్పుడు యర్రగొండపాలెం అవతల మా పల్లెలో, అడిగి తెచ్చుకున్న వస్తువు నేరుగా సొంత ఇంటికి చేరేది కాదు. ఒకరు నిచ్చెన తెస్తే, తరువాత అవసరమైనవాళ్లు వాళ్ల దగ్గరికే వచ్చి పట్టుకుపోయేవారు. సొంతదారు తన నిచ్చెన ఏ ఇంట్లో ఉందోనని ఊరంతా తిరిగినా ఎవరికీ తప్పనిపించేది కాదు. మా అవ్వ అయితే అడిగినవాళ్లకు లేదనడమే పాపమనుకునేది.

పక్కింటి అక్క అప్పుడు యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతోంది. సెలవులకు వస్తూ అక్కడి లైబ్రరీ నుంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకుంది. వాళ్లింట్లో మేకపిల్లలు కాగితం కనబడితే చాలు, నమిలేసేవి. అందుకని పుస్తకాన్ని మా గూట్లో పెట్టి, మా అరుగు మీదే కూర్చుని చదువుకునేది.

ఒకరోజు అక్క లేని వేళ, పుల్లలచెరువు వైపు నుంచి మిరపకాయల కోతకు వచ్చిన ఒక అమ్మాయి మా ఇంట్లో మంచినీళ్లు అడిగింది. కూలికి పోతూనే ప్రైవేటుగా డిగ్రీ పరీక్షలకు చదువుతోందట. పుస్తకం తిరగేసి, కింద పెట్టలేకపోయింది. మా అవ్వ ఇంకేమీ ఆలోచించకుండా ఆమె చేతికిచ్చి పంపింది.

మరునాడు సంగతి తెలిసి అక్క నిలువునా నీరుగారిపోయింది. "అవ్వా, అది లైబ్రరీలో నా కార్డు మీద ఇచ్చిన పుస్తకం. ఇంకొకరికిచ్చే హక్కు నాకే లేదు. గడువు లోపల కౌంటర్లో పెట్టకుంటే హాల్‌టికెట్ ఇయ్యరు. ఏడాది పోతాది" అని ఏడ్చింది.

"సదువుకునే పిల్లకే గదమ్మా ఇచ్చినా" అంటూనే అవ్వ చెప్పులు వెతుక్కుంది. కోతకు వచ్చినవాళ్లను ఆ అమ్మాయి ఊరు, ఇల్లు అడిగి తెలుసుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

ఆ అమ్మాయి ఇంటి ముందు కూర్చుని చదువుకుంటోంది. విషయం వినగానే పుస్తకాన్ని కొంగుతో తుడిచి ఇచ్చేసింది. ముఖం మాత్రం చిన్నబోయింది. ఇంటికి రాగానే అక్కను ఒకటే అడిగింది: "ఇచ్చేసి, మల్ల తెచ్చేదానికి కుదురుతాదా?"

వేరెవరూ ముందుగా అడిగి ఉంచకపోతే మళ్లీ తన పేరు మీదే ఇస్తారని అక్క చెప్పింది. అన్నట్లే, తన పరీక్షలు కాగానే ఆ పుస్తకమే తెచ్చింది. ఈసారి అది మా గడప దాటలేదు. అవ్వ కబురు పెడితే ఆ అమ్మాయే వచ్చి, మా అరుగు మీద అక్క పక్కన కూర్చుని కావలసింది రాసుకుంది. అవ్వ ఇద్దరికీ జొన్నరొట్టెలు చేసి పెట్టింది. వాళ్ల మధ్య దూరి కూర్చోవడం నాకు ఎంత సంతోషమో.

ఆ తరువాత మా వాకిట్లో ఉన్న పరాయి నిచ్చెనను ఎవరైనా అడిగితే, అవ్వ ఇచ్చేదీ కాదు, పొమ్మనేదీ కాదు. ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస అడిగినవాళ్ల చేత పట్టించి, సొంతదారు ఇంటికి మోసుకుపోయేది. "నీది నీకు ముట్టింది. ఈయనకు అక్కరంట, ఇస్తావా నాయనా?" అని తానే అడిగిపెట్టేది.

మొన్న మా మనవరాలు హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. తన కార్డు మీద తెచ్చిన లైబ్రరీ పుస్తకాన్ని గదిలోని అమ్మాయి అడుగుతోందట. ఇస్తే నిబంధన ఒప్పుకోదు, ఇవ్వకపోతే మనసు ఒప్పుకోదు అని వాపోయింది. నాకు అవ్వ పట్టుకున్న నిచ్చెన కొస గుర్తొచ్చింది.

"నీ చేత్తో ఇయ్యొద్దు పాపా. పోయి లైబ్రరీలో వాపసు చెయ్" అన్నాను. "పోయేటప్పుడు ఆ పిల్లను గూడా పిల్చుకొని పో."