చీకటి మానిటర్ ముందు పెళ్ళిమాటలు

నవ్వేదుంటే ముందే నవ్వేయండి, మధ్యలో నవ్వితే నేను చెప్పలేను. మొన్న ఆదివారం ఇంట్లో కంప్యూటర్ మానిటర్ నా చేత్తో రిపేరు చేశాను. అది బాగైంది. ఇప్పుడు బ్రహ్మాండంగా వెలుగుతోంది. తలెత్తుకోలేక తిరుగుతున్నది నేను!

సంగతి మా మరిది పెళ్ళిది. మా ఆయన తమ్ముడు ఎర్రిస్వామి. కెంచనగుడ్డ ఊళ్ళో, నది ఒడ్డున, వరిమడి చేస్తాడు. మా అత్త హంపమ్మ అతని దగ్గరే ఉంటుంది. తాగడు, ఒకరి జోలికి పోడు, నలభైకి దగ్గర పడ్డాడు, పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని మా వైపు వాళ్ళెవరూ అడగరు, అందరి ఇళ్ళల్లోనూ ఇట్లాంటివాడు ఒకడున్నాడు కాబట్టి. "అబ్బాయి ఏం చేస్తాడు?" అంటారు. "మడి చేస్తాడు" అంటాం. "మళ్ళీ ఫోన్ చేస్తాం" అంటారు. ఆ ఫోన్ ఈ జన్మలో రాదు.

ఇట్లా కాదని ఈసారి నేను దిగాను. నేనంటే మామూలు మనిషినా? బళ్ళారిలో పీయూ కాలేజీలో, ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. కంటోన్మెంట్‌లో సొంతిల్లు. మా ఆయనకు ఖనిజం తోలే లారీలున్నాయి. దావణగెరెలో మనవాళ్ళే, తరాల కిందట పోయి స్థిరపడిన తెలుగువాళ్ళు, వాళ్ళమ్మాయి విజయ రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుందని తెలిసింది. ఫోన్ కలిపాను. "అబ్బాయి ఏం చేస్తాడు మేడం?" "అన్నదమ్ములిద్దరిదీ ట్రాన్స్‌పోర్ట్ అండీ" అన్నాను. నోట్లోంచి అట్లా నున్నగా జారిపోయింది. ముందు వీడియోలో చూసుకుందాం, నచ్చితే రాకపోకలు అన్నారు వాళ్ళు. ఆదివారం పొద్దున అని ఖాయమైంది.

మా ఆయన లారీల పని మీద హొస్పేట పోయాడు. అత్తనూ ఎర్రిస్వామినీ ముందురోజే రప్పించాను. అతని మీసానికి నేనే రంగు వేశాను. కొంచెం పెదవి మీదికి కూడా దిగింది. మా ఆయన ఇస్త్రీ చొక్కా తొడిగించాను. ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టి వంటింట్లో పెట్టించాను, మధ్యలో ఎవరి పాటా మోగకూడదని. ఫోన్‌లో వీడియో అంటే మూరెడు ముఖాలు పడతాయి, గౌరవంగా ఉండదని హాల్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. కరోనా అప్పుడు ఆన్‌లైన్ క్లాసులకు కొన్న కెమెరా మానిటర్ నెత్తిన క్లిప్పుతో నిలబడి ఉంది. ముందుగానే లింకు తెరిచాను. ఎవరొచ్చినా నన్ను అడగకుండా నేరుగా లోపలికి వచ్చేట్టు కూడా సెట్ చేశాను. తెలివి చూశారా!

అప్పుడు మానిటర్ టప్పున ఆరిపోయింది.

"కరెంటు పోయిందా?" అంది అత్త. ఫ్యాన్ తిరుగుతోంది. కరెంటు పోలేదు.

ప్లగ్గు పీకి పెట్టాను. ఇంకో సాకెట్‌లో పెట్టాను. వెనక వైరు ఊపాను. ప్రక్కన ఒకటి, నెత్తిన ఒకటి కొట్టాను. చుక్క వెలుగు లేదు.

"ఫోన్‌లో చేస్తే పోదా వదినా?" అన్నాడు ఎర్రిస్వామి.

"ఇంకా టైముందప్పా. ఫిజిక్స్ చెప్పేదాన్ని, ఒక మానిటర్ చేతగాదా నాకు?"

అక్కడే ఆగి ఉంటే ఇది మీకు చెప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు.

కంప్యూటర్ మొత్తం ఆరిపోయిందనుకున్నాను. చీకటైపోయింది కదా! కింద సీపీయూ హాయిగా గురక పెడుతోంది, వింటూనే ఉన్నాను. కెమెరా కొన మీద చిన్న నీలం దీపం వెలుగుతోంది, చూస్తూనే ఉన్నాను. ఏదో స్టాండ్‌బై లైటులే అనుకున్నాను. హెడ్‌లైట్ పోతే ఇంజన్ ఆగిపోయినట్టా? లారీలు పెట్టుకున్న ఇంట్లో ఉండి ఈ మాట నాకు తట్టలేదు. పైగా మా మానిటర్‌కు స్పీకర్లు దాని పొట్టలోనే ఉంటాయి. అది ఆరితే అవతలి బొమ్మా పోతుంది, అవతలి గొంతూ పోతుంది. మన బొమ్మా మన గొంతూ మాత్రం కెమెరా నుంచి చక్కగా పోతూనే ఉంటాయి. ఇదంతా ఇప్పుడు చెప్తున్నాను, పాఠంలాగా.

కెమెరా క్లిప్పు ఊడదీసి, వైరు మాత్రం పీకకుండానే, గీతలు పడకుండా, పుస్తకాల అలమర మీద పెట్టాను. ముఖం మా వైపే తిప్పి మరీ పెట్టాను. మానిటర్‌ను దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టాను. ప్లగ్గు తీసేసి, వెనకున్న స్క్రూలు విప్పాను. మూత రాలేదు. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి సందులో పెట్టి ఎత్తాను. లోపల ఏదో 'టిక్' అని విరిగింది.

"విరిగిందేమో చూడమ్మా" అంది అత్త.

"అది అట్లనే రావాల అత్తా."

చేతులు పనిలో ఉంటే నా నోరు ఊరుకోదు. ఈ సందులో అందరికీ ఇంకోసారి పాఠం చెప్పేద్దామనుకున్నాను.

"ఎర్రిస్వామీ, మడి అన్నావంటే చూడు. వరి మాట ఎత్తొద్దు. నీళ్ళొచ్చినాయి, నాట్లేసినాము అనొద్దు. ట్రాన్స్‌పోర్ట్ అను."

"లారీ గురించి ఏమన్నా అడిగితే? నేను లారీ ఎక్కింది కూడా లేదు కదా వదినా."

"లోడింగ్ నడుస్తాండాది అను. సాలు."

"ఏం లోడింగ్?"

"నీకు పెళ్ళి కావాల్నా వద్దా?"

"వాడు వడ్ల మూటలు తప్ప ఏమీ లోడు చేసిండేది లేదు కదమ్మా" అంది అత్త.

"అత్తా, నువ్వు కూడా! కాపురం యాడ అంటే ఈడనే, బళ్ళారిలోనే అని చెప్పు. ఊరికి పండగలకు పోతాడని చెప్పు."

"పండగలకు నేనే ఈడికి వస్తాండా" అన్నాడు ఎర్రిస్వామి నెమ్మదిగా.

మూత ఊడి వచ్చింది. లోపల పచ్చ పలక, దాని మీద ఏవేవో గుండ్లు, వైర్లు. నేను పాఠం చెప్పే బొమ్మలో ఇవేవీ లేవు. అయినా తల పంకించి, "కెపాసిటర్ పోయినట్టుంది" అన్నాను. వాళ్ళిద్దరూ గౌరవంగా చూశారు.

"ఆ పిల్ల ఎట్లుంటాదో" అంది అత్త.

"ఫోటోలో నోరు గట్టిగా మూసుకోని ఉండాది. పళ్ళు ఎట్లుండాయో ఏమో! దానికేం చిన్న వయసా, వచ్చిన సంబంధమల్లా వద్దన్నదంట. పొద్దస్తమానం జనం రక్తం పిండే ఉద్యోగం. మన రక్తం తాగకుంటే అదే పదివేలు."

అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు హుషారొచ్చింది. ఎర్రిస్వామి నవ్వలేదు.

"వదినా, మడి చేసేది తప్పు పనా?"

"తప్పు కాదప్పా. పెళ్ళిపిల్లతో చెప్పే పని కాదు."

"వచ్చినాక తెలియదా ఆయమ్మకు?"

ఇక్కడ, ఇదిగో, ఇక్కడ నేనన్న మాట. చెప్పాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. కాలేజీలో ఆడపిల్లలకు ఏటేటా నిలబడి చెప్తాను, చదువుకోండి, ఉద్యోగం చేయండి, మీ బతుకు మీరే తేల్చుకోండి అని. ఆ నోటితోనే, అట్లకాడ ఊపుతూ అన్నాను:

"మూడు ముళ్ళు పడినాక తెలిస్తే ఏమి? యాడికి పోతాదిలే!"

ఎర్రిస్వామి తల వంచుకున్నాడు. నేను మూత మళ్ళీ బిగించే పనిలో పడ్డాను. బిగిస్తూంటే కింద అంచున ఉన్న పవర్ బటన్ కనిపించింది. లోపలికి దిగబడి ఉంది, పైకి రావడం లేదు. చుట్టూ పసుపుపచ్చగా గట్టిపడిన గంధం! ఆయుధ పూజ రోజు మిక్సీ, ఫ్రిజ్, స్కూటీ, దేన్నీ వదలకుండా గంధం కుంకుమ పెట్టాను. మానిటర్‌కు ఎక్కడ పెడితే అందంగా ఉంటుందా అని చూసి ఆ గుండ్రటి బటన్ మీదే పెట్టాను, బొట్టుకు కొలిచినట్టుంది కదా అని. అది లోపలికి కారి, ఎండి, బిగుసుకుపోయింది. కెపాసిటర్ కాదు, ఏమీ కాదు. నా భక్తి!

చీర పిన్ను తీసి గంధమంతా గీకేశాను. బటన్ టక్కున పైకి వచ్చింది. మానిటర్‌ను నిలబెట్టి, వైర్లు పెట్టి నొక్కాను. తెర వెలిగింది.

"చూసినారా!" అని గర్వంగా చేతులు చాపాను.

తెర నిండా దావణగెరె.

వరుసగా కూర్చుని ఉన్నారు. నాన్న, అమ్మ, ముసలవ్వ, మధ్యలో విజయ. సీరియల్‌లో మంచి ఘట్టం వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ ఎట్లా చూస్తారో అట్లా చూస్తున్నారు. ముసలవ్వ బుగ్గలో వక్క నమలడం కూడా ఆపింది. తెర పక్కన మెసేజ్‌లు బారుగా ఉన్నాయి. 'నమస్తే మేడం.' 'మేడం, మేము వచ్చాం.' 'మేడం, మీ మాటలు వినిపిస్తున్నాయి.' 'మేడం, మ్యూట్ చేసుకోండి.' 'మేడం దయచేసి.' ఆ తర్వాత వాళ్ళు మెసేజ్‌లు పెట్టడం మానేశారు. వినడంలో పడిపోయారు మరి.

నేను అట్లకాడతోనే నమస్కారం పెట్టాను.

"ఇప్పుడు మేము కనపడతాండామా మేడం?" అన్నాడు వాళ్ళ నాన్న. కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వో, కోపమో తెలీలేదు.

విజయ కెమెరాకు దగ్గరగా జరిగింది. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వింది. "నమస్తే అక్కా. పళ్ళు చూసినారా? అన్నీ నావే."

భూమి నిలువునా చీలుతుందని పుస్తకాల్లో రాస్తారు. మా హాల్లో గ్రానైట్. చీలలేదు.

"అమ్మా, అది, నేను ఊరికే..." అన్నాను. క్లాసులో మైకు అక్కర్లేని గొంతు నాది. పిల్లి కూతలా వచ్చింది.

"ఇర్లి బిడి మేడం, పోనీండి" అన్నాడు వాళ్ళ నాన్న.

"పోనీయద్దప్పా" అంది విజయ వాళ్ళ నాన్నతో. నవ్వు ఆగింది. "అక్కా, పళ్ళ మాట అనుకోండి, రక్తం మాట అనుకోండి, నాకూ నవ్వొచ్చింది. ముళ్ళు పడినాక యాడికి పోతాదిలే అన్నారు చూడండి, అది మాత్రం బాగాలేదు."

బాగాలేదు. "తప్పైందమ్మా" అన్నాను. నా అనుభవంలో ఆ మాట నేను ఎదుటివాళ్ళ చేత అనిపించడమే గానీ అనడం తక్కువ. ఎర్రిస్వామి వైపు చూడలేకపోయాను. పిల్ల పోతే పోయింది, ఆ మనిషి చేసే పని సిగ్గుపడే పని అని అతని ముందే, ఇంతమంది ముందు తేల్చింది నేను కదా.

"నేను ఆయనతో మాట్లాడాల" అంది విజయ. "మీరు స్వల్ప సేపు బయట ఉంటారా?"

"అట్లే అమ్మా. అత్తా, రా పోదాం."

"ఆ అవ్వను ఉండనీండి. పర్వాలేదు."

అంటే పొమ్మన్నది నన్నొక్కదాన్నే.

వంటింట్లోకి వచ్చాను. నా ఫోన్ నిండా వాళ్ళ నాన్న కాల్సే. స్టవ్ మీద చల్లారిన ఉప్మా. హాల్లోంచి ఎర్రిస్వామి గొంతు వినిపిస్తోంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా 'ఊఁ', 'సరే వదినా' తప్ప మాట్లాడని మనిషి! కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారో, పోయినేడు దోమపోటు వచ్చి పంట ఎట్లా పోయిందో, ఈసారి వరి వెన్ను ఎంత బాగా వేసిందో, ఆపకుండా చెప్తున్నాడు. మధ్యలో ఆ పిల్ల ఏదో అడుగుతోంది. అత్త నవ్వుతోంది. ఒకసారి అందరూ కలిసి నవ్వారు. అది నా మీదే అని నాకు గట్టి నమ్మకం.

కాసేపటికి అతనే వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. మీసం రంగు పెదవి మీద అట్లనే ఉంది.

"వచ్చే ఆదివారం వస్తాండారు వదినా."

"వస్తాండారా!" ఎగిరి లేచాను. "తీపి హోళిగె చేద్దామా? మీ అన్నకు చెప్పి కుర్చీలు తెప్పిస్తా. హాల్లో పరదాలు మార్చల్ల."

"ఈడికి కాదు. మడికి. కోతకు ముందే చూడల్లంట ఆయమ్మ."

"అయితే పొద్దున్నే బయల్దేరుదాం. నేను ముందుండి..."

అతను గోడ గీకుతూ నిలబడ్డాడు. మంచివాడు, నోరు రావడం లేదు. వెనక నుంచి మా అత్తకు వచ్చింది.

"నువ్వు రావద్దులే తల్లీ. కుదిరేదాంక."

సాయంత్రం మా ఆయన వచ్చి, మొత్తం విని, కుర్చీలోంచి జారేంత నవ్వి, తనూ అదే అన్నాడు. నేను దగ్గర లేకుంటేనే ఈ పెళ్ళి కుదురుతుందని మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట. చాలాసేపు ఆలోచించి, నేనూ వాళ్ళ పక్షానికే చేరిపోయాను.