అటు తిరిగి నిలబడిన షమీమమ్మ

ఆదివారం, ఉదయం. స్థలం: హిందూపురంలో మా ఇంటి నడవ. ఉన్నవారు: నేను, నా భార్య సరోజ, కోడలు, మనవరాలు చిన్ని.

విషయం చిన్నదే. వచ్చే వారం కదిరి నరసింహస్వామి దర్శనానికి పోవడమా, ఇంట్లోనే ఉండి కరకరలాడే నిప్పట్లు చేసుకోవడమా. నేను ఏదంటే కోడలు దానికే తలూపుతోందని చిన్ని కనిపెట్టింది. అటక మీది పాత రేకు పెట్టె దింపించి, మూత నడుమ ఉన్న సందులో తలా ఒక చీటీ వేయమంది. "తాతా, నువ్వు అటు తిరుగు" అంది. గోడ వైపు తిరిగాను. మడిచిన కాగితం ఖాళీ రేకు మీద పడిన చప్పుడు వినిపించింది. ఎండుటాకు రాలినంత చప్పుడు. దాంతో షమీమమ్మ నా ఎదుట వచ్చి నిలబడినట్టయింది. అందుకే ఈ రోజు డైరీ పేజీ ఆమెకు ఇస్తున్నాను.

నేను ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల పని చేసి రిటైరైనవాణ్ణి. వాన పడినా, ఇంటికి చుట్టం వచ్చినా డైరీలో రాసే అలవాటు. ఊరికే కూర్చోలేక ఒక సర్వేలో చేరాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో జనం పూజలు, నమాజులు, మొక్కుబడులు ఎలా మారాయి, అవి ఓటును ఎంతవరకు నడిపిస్తున్నాయి అన్నది ఆ సర్వే. మా బృందానికి పెద్ద షమీమమ్మ. వయసులో నా కూతురికంటే చిన్నది. వాళ్ళ నాయన హిందూపురంలో రేకు పెట్టెలు చేసేవాడు. సర్వేలో జనం చీటీలు వేసిన పెట్టె, ఇవాళ చిన్ని దింపించినదే, ఆయన చేతిదే. సందు అంచులు ఎవరి వేలికీ గీసుకోకుండా లోపలికి మడిచి ఇచ్చాడు.

మొదటి రోజే ఆమె మాకు చీటీ చూపించింది. దాని మీద రెండు బొమ్మలు. దీపం మీద గీత పెడితే ఊరి పెద్దలు దేవుడి ముందు చేయించిన ప్రమాణం ప్రకారం ఓటు వేశానని. మనిషి మీద పెడితే నా ఇష్టానికి వేశానని. చదువురానివాళ్ళకూ తెలిసేలా బొమ్మలు పెట్టారు. పేరు రాయకూడదు. మిగతా ప్రశ్నలన్నీ నోటితో అడగవచ్చు, ఇది మాత్రం పెట్టెలోకే.

"సార్, చీటీ ఇచ్చినాక మీరేం చేయల్ల?" అని నన్నే అడిగింది.

"పక్కనే ఉండి సాయం చేస్తానమ్మా."

"చేయొద్దండి. అటు తిరగండి."

"పెద్దోళ్ళుంటారు. వీపు చూపిస్తే మర్యాద తెలీనోడు అనుకుంటారు."

"అనుకోనీండి సార్. మీ మొహం చూస్తాన్నంతసేపూ మీకు నచ్చేదే చెప్తారు."

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు మనిషిని కళ్ళలోకి చూసి నిజం రాబట్టాలని నమ్మినవాణ్ణి. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ధర్మవరంలో పడింది. అక్కడ ఒక పట్టుచీరల నేతగాడు మగ్గం దిగకుండానే, "నాదే మా ఆడామెది కూడా. రెండిట్లోనూ ఒకటే రాసుకోండప్పా" అన్నాడు. షమీమమ్మ నవ్వి, "అన్నా, ఆ అంచు ఎట్ల నేస్తావో మా సారుకి కాస్త చూపీ" అని అతణ్ణి నాకు అప్పగించి, వెనక దారం చుడుతున్న అతని భార్య దగ్గరకు పెట్టె తీసుకుపోయింది. ఆమె చీటీ వేసింది. వేశాక దాపరికం లేకుండా గట్టిగానే మాట్లాడింది.

"మా అత్త పండగలకే గుడికి పోయేది. నేను ప్రతి శనివారం పోతా. ఓటుకు ముందర ఆ గుళ్ళోనే లీడరు ప్రమాణం చేయించినాడు. చేసినా. ఇంటికొచ్చి స్వామికి చెప్పుకున్యా, నీకూ నాకూ నడమ ఈయనెవరు సామీ అని."

మగ్గం ఆగిపోయింది. "నాకు చెప్పనేలేదే!" అన్నాడు భర్త.

"నువ్వడిగితే కదా!" అందామె, చుట్టే దారం ఆపకుండా.

చివరి ఊరు రొద్దం దాటాక వస్తుంది. పేరు రాయను. రాయకుండా ఉండడం కూడా షమీమమ్మ నేర్పిందే. ఆ ఊరి పెద్ద తిమ్మప్ప. ఎన్నికల ముందు ఆంజనేయస్వామి గుడి దగ్గర వెలిగించిన కర్పూరం మీద హిందువుల చేత, పీర్ల చావిడిలో ముస్లింల చేత, తాను చెప్పినవాడికే వేస్తామని ప్రమాణం చేయించడం అక్కడ ఆయన తండ్రి నాటి నుంచి వస్తున్న పద్ధతి. మేము ఎవరిని అడగాలో ఓటర్ల జాబితా నుంచి లాటరీ తీసినట్టు తీశారు. అందులో తిమ్మప్ప పేరూ ఉంది. మర్నాటి మధ్యాహ్నంలోగా ఆ ఊరి చీటీలన్నీ రాకపోతే పెట్టె మొత్తం పక్కన పెడతామని, షమీమమ్మను పని నుంచి తీసేస్తామని ఆఫీసు నుంచి కబురు వచ్చి ఉంది.

"ఇంటింటికీ యాడ తిరుగుతావమ్మా? ఈ ఊర్లో మాటంటే ఒకటే. నేను చెప్తా, రాసుకో పో" అన్నాడు తిమ్మప్ప గుడి అరుగు మీద కూర్చుని.

"రాసుకుంటే మీ మాటొక్కటే వస్తాది పెద్దాయనా. నాకు ఊరు కావల్ల" అంది.

ఆ రోజు మధ్యాహ్నానికే ఆయనది తప్ప అందరివీ పెట్టెలో పడ్డాయి. బయల్దేరబోతుంటే నలుగురిని వెంటేసుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"మూత తియ్యి. సామి ముందర మాటిచ్చి తప్పినోళ్ళెవరో నాకు తెలియల్ల."

చుట్టూ జనం. పెట్టె తెరుచుకుంటే ఎవరి పొలానికి నీళ్ళు ఆగుతాయో, ఎవరిని పనికి పిలవరో అక్కడున్న అందరికీ తెలుసు. షమీమమ్మ పెట్టెను చంకన పెట్టుకుని చీటీలు కలిసిపోయేలా ఒకసారి ఆడించింది.

"తీసినా మీకేం దొరకదు. ఇందులో ధర్మవరానివి, హిందూపురానివి అన్నీ కలిసిపోయి ఉండాయి. ఏది ఎవరిదో నాకే తెలీదు."

"ఏం, నువ్వు చూడల్యా?"

"ల్యా. అటు తిరిగి నిలబడినా."

"ఊరికి వీపు చూపించినావా?"

ఆ జనంలోంచి ఒక అవ్వ అందుకుంది. "చూపిచ్చింది లేప్పా తిమ్మప్పా. నాకు బుద్ధెరిగినాక, ఓటు మాటొస్తే నా మొహంలోకి తొంగి చూడంది ఈ పాపొక్కతే."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గుడి ముందంతా నవ్వులే. తిమ్మప్ప వెంట వచ్చిన నలుగురిలోనూ ఇద్దరు నవ్వారు. "నా చీటీ ఇయ్యను. ఏం చేసుకుంటావో చేసుకో" అని ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత పెట్టె తెరిచి లెక్క తీసినప్పుడు, మనిషి బొమ్మ మీద గీతలున్న కుప్ప దీపం కుప్పను దాటి పెరిగిపోయింది. నోటితో చెప్పిన జవాబుల్లోనేమో గుడికీ దర్గాకీ పోయేవాళ్ళు తమ పెద్దల కాలం కంటే ఎక్కువయ్యారు. పెద్దల మాట వినడం మానేస్తే దేవుడి భయం పోయినట్టేనని నేను ఏళ్ళ తరబడి డైరీల్లో రాసుకుంటూ వచ్చాను. ఆ రెండు లెక్కలూ చూసి షమీమమ్మ, "భక్తి తగ్గలేదు సార్. పెద్దరికం తగ్గింది" అంది. ఆఫీసువాళ్ళు మొదట నమ్మలేదు. ఆ ఊళ్ళకు వేరే మనుషుల్ని పంపి మళ్ళీ అడిగించారు. అదే జవాబు వచ్చింది. ఇప్పుడామె వేరే జిల్లాల్లో సర్వే చేసేవాళ్ళకు శిక్షణ ఇస్తోంది. పోతూ పోతూ పెట్టె నాకిచ్చింది. సరోజ అందులో నిప్పట్లు పోసి చూసింది గానీ సందులోంచి గాలి దూరి మెత్తబడ్డాయి.

ఇంకొకటి మిగిలింది. తిమ్మప్ప తువ్వాలు దులుపుకుని పోయిన మరుసటి ఉదయం. పెనుకొండలో మేము దిగిన మేడ గది. షమీమమ్మ సంచి సర్దుకుంటోంది. ఒక్క చీటీ తక్కువ, గడువేమో ఆ మధ్యాహ్నమే. కింద మోపెడ్ ఆగింది. మెట్లెక్కి తిమ్మప్ప వచ్చాడు, వెంట ఎవరూ లేకుండా.

"యాడుండాదమ్మా నీ పెట్టె?"

ఆమె ఏమీ అడగకుండా చీటీ, పెన్ను ఇచ్చి, పెట్టె బల్ల మీద పెట్టింది. ఆయన వాటిని పట్టుకుని నా వైపు చూశాడు.

"ఏమప్పా, చూస్తాండావు? అటు తిరుగు."

ఇద్దరం గోడ వైపు తిరిగాం. పెన్ను కాసేపు ఆగింది. తర్వాత గీసింది. మిగతా చీటీల మీద ఆ చీటీ మెత్తగా పడింది. "అయిపాయ" అని, మెట్లు దిగుతూ, ఇక్కడ కాఫీ యాడ బాగుంటాదని కేకేసి అడిగాడు. షమీమమ్మ ఇంకా గోడ వైపే తిరిగి ఉంది. రెండు పిడికిళ్ళూ బిగించి, చిన్నపిల్లలా మునివేళ్ళ మీద ఒకసారి ఎగిరింది.

ఆ రోజు డైరీలో తిమ్మప్ప వచ్చిన సమయం, ఆయన తాగిన కాఫీ, మోపెడ్ రంగు అన్నీ రాశాను. గీత ఏ బొమ్మ మీద పెట్టాడో రాయలేదు. నాకు తెలియదు. అన్నీ రాసుకునే మనిషిని, ఆ ఒక్కటి తెలియకపోవడం నాకు ఈ రోజుకీ గర్వంగా ఉంది.